కిటికీ మూశాక దాని గీత గోడ మీద కనపడకూడదంటే

ఏ పాత వీధిలో నడిచినా ఎక్కడో ఒక ఇంటి గోడ మీద ఇది కనిపిస్తుంది: పైన సన్‌షేడ్, దాని కింద నలుచదరంగా సన్నటి పగులు. అక్కడొకప్పుడు కిటికీ ఉండేదని ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీ ఖాళీలో ఇటుకలు పేర్చడం ఏ మేస్త్రీకైనా రెండు పూటల పని. పేర్చిన ఆ ముక్క పాత గోడలో కలిసిపోయేలా చేయడమే అసలు పని. పగులు, చెమ్మ, రంగు తేడా, వచ్చే తంటాలన్నీ ఆ నాలుగు అంచుల దగ్గరే వస్తాయి. నడుమ ఏమీ రాదు. అందుకే ఇక్కడ అంచుల సంగతే ఎక్కువగా ఉంటుంది.

లెక్కలన్నీ మన ఇళ్ళలో మామూలుగా ఉండే కిటికీకి: 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ, 4×4 అడుగుల చెక్క ఫ్రేము, ఇనప గ్రిల్, పైన లింటెల్ (కిటికీ పైని గోడ బరువు మోసే కాంక్రీటు పట్టీ), దానితో కలిపి పోసిన సన్‌షేడ్.

మూయొచ్చో లేదో ముందు తేల్చుకోండి

పక్కింటివాళ్ళు గోడకి గోడ ఆనించి కట్టారనో, పడమటెండ మంచం మీదికి వస్తోందనో, బీరువాకి చోటు చాల్లేదనో, వాస్తు చూసినాయన మూయమన్నాడనో, కారణం ఏదైనా ఉండొచ్చు. గదికి మిగిలే గాలీ వెలుతురూ మాత్రం లెక్క వేసుకోవాలి. జాతీయ భవన నియమావళి ప్రకారం గదిలో కిటికీలు, వెంటిలేటర్ల విస్తీర్ణం పొడి వేడి ఉండే చోట నేల విస్తీర్ణంలో పదో వంతు, ఉక్కపోత ఉండే చోట ఆరో వంతు ఉండాలి. తలుపులు ఈ లెక్కలోకి రావు. 12×11 గది అంటే 132 చదరపు అడుగులు. మొదటి లెక్కన 13 చదరపు అడుగులు, రెండో లెక్కన 22. అంటే పొడి వేడి ఊళ్ళో 4×4 కిటికీ ఇంకొకటి మిగిలితే సరిపోతుంది. కోస్తా ఊళ్ళో అదొక్కటే మిగిలితే చాలదు.

వంటింటికి ఉన్న ఒక్క కిటికీ మూయమని ఎవరు చెప్పినా వినకండి, వాస్తు చెప్పినా సరే. సిలిండర్‌లో వచ్చే వంట గ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేలబారున పేరుకుంటుంది. పైన తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానికి సమాధానం కాదు. పైగా లీకైన గదిలో ఆ స్విచ్చి వేయడమే ప్రమాదం. స్నానాలగదికి కూడా బయటికి తెరుచుకునే కిటికీ గానీ వెంటిలేటర్ గానీ మిగలాలి.

మధ్యేమార్గం ఒకటుంది, ఎక్కువమంది దాన్ని తలుచుకోరు. కింద మూడడుగులు కట్టేసి, లింటెల్ కింద అడుగు ఎత్తున వెంటిలేటర్ వదిలేయడం. బీరువా పడుతుంది, పక్కింటి చూపు పడదు, వేడిగాలి పైనుంచి పోతుంది. పనిలో అన్నిటికంటే మొండిదైన పై అంచు గొడవ కూడా తప్పుతుంది.

ఇక బరువు. 4×4 ఖాళీని 9 అంగుళాల మందాన నింపితే 12 ఘనపుటడుగుల కట్టడం, దాదాపు 650 కిలోలు. తీసేసే కిటికీ బరువు అందులో కొద్ది వంతే. నేలమీది ఇంట్లో, లేదా కింద బీమ్ ఉన్న గోడలో ఇది సమస్య కాదు. కిటికీ గట్టు కింది గోడ స్లాబ్ మీదే నిలబడి ఉన్నా, బాల్కనీలా ముందుకు చాచిన భాగంలో ఉన్నా ఒకసారి ఇంజనీరుకి చూపించండి. అక్కడ ఇటుక బదులు తేలికైన ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే కాంక్రీటు దిమ్మెలు) వాడితే బరువు మూడో వంతుకి దిగుతుంది.

అపార్ట్‌మెంటు అయితే బయటి ముఖం మీ ఒక్కరిదీ కాదు. అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే గునపం పట్టండి. అల్యూమినియం అచ్చుల్లో మొత్తం కాంక్రీటుతో పోసిన కొత్త టవర్లలో కిటికీ పక్కనున్నది గోడ కాదు, బిల్డింగుని మోసే అవయవం. దాన్ని ఉలితో ముట్టుకోనివ్వకండి. కొత్త కట్టడాన్ని కడ్డీలతోనే పట్టించాలి, ఆ రంధ్రాలు కూడా ఇంజనీరు చూపిన చోటే.

సామాను

9×4×3 అంగుళాల ఎర్ర ఇటుకలు 170 చాలు, విరిగేవి కూడా కలిపే. సిమెంటు, ఇసుక ఇటుకపనికి 1:6, ప్లాస్టరింగ్‌కి 1:4 పాళ్ళు వేసుకుంటే, ఇటుకపనికి 21 కిలోలు, లోపలి ప్లాస్టరింగ్‌కి 13, బయటిదానికి 21, మొత్తం 55 కిలోల సిమెంటు అవుతుంది. సిమెంటు పాలు (నీళ్ళలో కలిపిన ఉత్త సిమెంటు), పై అంచు పూడిక కలిపితే ఇంకాస్త. ఒక బస్తా చాలదు, కాబట్టి రెండు తెచ్చుకోవాల్సిందే. ప్లాస్టరింగ్ దాదాపు పదిహేను రోజుల తర్వాత గనక రెండో బస్తా అప్పుడే తెచ్చుకోండి. తెరిచిన బస్తా వానాకాలంలో పదిహేను రోజులుంటే గడ్డకడుతుంది. ఇసుక 8 ఘనపుటడుగులు, అంటే ఖాళీ సిమెంటు సంచుల్లో ఏడెనిమిది. రోబో ఇసుక (రాయిని మరపట్టి చేసేది) అయితే కట్టుబడికి ఒక రకం, ప్లాస్టరింగ్‌కి సన్నది వేరు. రెంటికీ ఒకటే తెస్తే ప్లాస్టరింగ్ గరుకుగా వచ్చి, ఆ గరుకుని కప్పడానికి లప్పం (పుట్టీ) రెట్టింపవుతుంది.

వీటితోపాటు 6 మి.మీ. కడ్డీ 15 అడుగులు, చికెన్ మెష్ (సన్నటి తీగల వల) అడుగు వెడల్పున 36 అడుగులు, స్క్రూ పట్టడానికి గోడ రంధ్రంలో దూర్చే రావల్ ప్లగ్గులూ స్క్రూలూ వాషర్లూ ఓ వంద, వాటర్‌ప్రూఫ్ ద్రావణం అర లీటరు, కడ్డీలు నాటే కెమికల్ ట్యూబు ఒకటి.

గోడ ఏ ఇటుకతో ఉందో అదే ఇటుకతో మూయడం మేలు. ఎర్ర ఇటుక గోడలో సిమెంటు ఇటుకలు పెడితే, అవి ఎండేకొద్దీ కుంచించుకునే తీరు వేరు, ఎండకి సాగే తీరు వేరు. అంచు దగ్గర పగులు ఖాయం. తప్పనిసరై వేరే రకం వాడితే మెష్ విషయంలో ఏ రాజీ వద్దు.

ఫ్రేము తీయడం

కొందరు రెక్కలు మాత్రం ఊడదీసి, ఫ్రేము లోపలే వదిలేసి ఇటుక కట్టేస్తారు. ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది. గోడలో మిగిలిన చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. రెండేళ్ళలో ప్లాస్టరింగ్ మీద ఫ్రేము ఆకారం అచ్చుగుద్దినట్టు తేలుతుంది. చెదలు పట్టిందా, అది గోడలోంచే ఇంటి తలుపులకి దారి చేసుకుంటుంది.

పని మొదలుపెట్టకముందు కిటికీ పక్కనున్న స్విచ్‌బోర్డు నుంచి పైపు ఎటు పోతుందో చూసి, మెయిన్ ఆపేయండి. రెక్కలు, గ్రిల్ తీశాక ఫ్రేము చుట్టూ, లోపలా బయటా, 6 అంగుళాల వెడల్పున ప్లాస్టరింగ్ కొట్టేయాలి. గ్రైండర్‌తో ముందు తిన్నగా గీత కోసుకుని ఆ తర్వాత ఉలి పెడితే, మిగతా ప్లాస్టరింగ్ పెచ్చులూడదు. ఈ 6 అంగుళాల పట్టీ దండగ అనిపించి చాలామంది దాటేస్తారు. తర్వాత మెష్ కూర్చునే చోటు ఇదే.

ప్లాస్టరింగ్ పోయాక ఫ్రేముని పట్టుకున్న హోల్డ్‌ఫాస్ట్ పట్టీలు బయటపడతాయి, మామూలుగా పక్కకి రెండో మూడో ఉంటాయి. గ్రైండర్‌తో కోసేయండి. నిలువు చెక్కని నడిమికి రంపంతో కోసి, కోసిన చోట పలుగు పెట్టి లోపలికి లాగితే సగం సగంగా వచ్చేస్తుంది. పైనా కిందా గోడలోకి దూరి ఉన్న కొమ్ములు అప్పుడు వదులవుతాయి. టేకు ఫ్రేము చెడకుండా కావాలంటే కొయ్యకుండా చుట్టూ తవ్వి తీయాలి. దానికి గోడ ఎక్కువ పగులుతుంది. చెక్క విలువ చూసుకుని తేల్చుకోండి.

గట్టు మీది గ్రానైటో కడప రాయో కూడా తీసేయాల్సిందే. నున్నటి రాయి మీద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పట్టదు, పైగా అది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది గనక వాననీరు దాని వెంబడే లోపలికి వస్తుంది. రాయి కింద పోసిన కాంక్రీటు పట్టీ గట్టిగా ఉంటే ఉంచి, పైన గాట్లు పెట్టండి.

లింటెల్ జోలికి మాత్రం పోవద్దు. సన్‌షేడ్ వికారంగా ఉందని కొట్టించాలనిపిస్తుంది. దాని కడ్డీలు లింటెల్‌లోంచే వస్తాయి, కొడితే అదురు అంతా లింటెల్‌కి తగులుతుంది. ఉంచేస్తే కొత్త పై అంచుకి అదే గొడుగు. తీయక తప్పకపోతే గ్రైండర్‌తో ముక్కలుముక్కలుగా కోయించి, తేలిన కడ్డీ మొనలకి తుప్పు నిరోధక పూత వేసి, మాలుతో కప్పించండి.

పాత గోడకి కొత్త గోడని పట్టించడం

రెండు దారులున్నాయి. ఒకటి పళ్ళు తీయడం: వరస విడిచి వరస పక్క గోడలో సగం ఇటుక తీసి, కొత్త ఇటుక అందులోకి దూర్చడం. పాత మాలు గట్టిగా ఉన్న 9 అంగుళాల ఇటుక గోడకి ఇంతకు మించింది లేదు. ఆ మాలు గోటితో గీస్తే రాలేలా ఉంటే, సున్నపు గోడైతే, పక్కన ఆర్‌సీసీ (కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు) స్తంభం ఉంటే ఇది కుదరదు. ఒక ఇటుక తీయబోతే నాలుగు ఊడతాయి.

రెండోది కడ్డీలు. 4, 8, 12 వరసల ఎత్తున, రెండు పక్కలా, ఒక్కో చోట రెండేసి, మొత్తం 12 కడ్డీలు. ఒక్కోటి 14 అంగుళాలు: 4 అంగుళాలు పాత గోడలోకి, 10 అంగుళాలు కొత్త వరసలోకి. 8 మి.మీ. డ్రిల్‌తో రంధ్రం వేసి, లోపలి దుమ్ము పంపుతోనో బ్రష్షుతోనో పూర్తిగా తీసి, కెమికల్ నింపి కడ్డీ తిప్పుతూ దూర్చాలి. దుమ్ము ఉంటే కెమికల్ దుమ్ముని పట్టుకుంటుంది, గోడని కాదు. పట్టు చూసుకోవడానికి మర్నాడు కడ్డీని చేత్తో తిప్పి చూడండి, కదిలితే మళ్ళీ నాటాల్సిందే. 8 మి.మీ. కడ్డీ వద్దని 6 మి.మీ. చెప్పడానికి కారణముంది. ఇటుకల మధ్య సందు 10 మి.మీ. మాత్రమే. అందులో లావు కడ్డీ పెడితే చుట్టూ మాలు మిగలదు.

పక్క అంచులకున్న రంగు, సున్నం, పాత ప్లాస్టరింగ్ మరక పూర్తిగా పోయి ఇటుక కనిపించాలి. ముందురోజు సాయంత్రం తడిపి, కట్టే ముందు మళ్ళీ తడిపి, చిక్కటి సిమెంటు పాలు పూయండి. పూసిన పాలు పచ్చిగా ఉండగానే ఇటుక ఆనించాలి. ఆరిపోయాక ఆనిస్తే అది పట్టించే పొర కాదు, విడదీసే పొర.

కట్టడం

ఎర్ర ఇటుకల్ని నీళ్ళ తొట్లో వేసి బుడగలు ఆగేదాకా, కనీసం గంట నానబెట్టి, పైనీరు ఆరాక వాడండి. పొడి ఇటుక మాలులోని నీళ్ళు తాగేస్తుంది. ఏఏసీ బ్లాకులకి ఇది తలకిందులు. నానబెట్టకూడదు, ఆనే ముఖాన్ని తడి బ్రష్షుతో తుడిస్తే చాలు.

మాలు 1:6. ‘సిమెంటు ఎక్కువేస్తే గట్టిగా ఉంటుంది కదా’ అని 1:3 కలిపించేవాళ్ళున్నారు. సిమెంటు ఎక్కువైన మాలు ఎండేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. ఏళ్ళ కిందటే కుదురుకున్న పాత గోడ కదలదు, కొత్తది మాత్రం ముడుచుకుంటుంది. ఆ లాగులాటలో తెగేది అంచే.

దారం కట్టేటప్పుడు ఒకటి చూసుకోవాలి. కొత్త ఇటుక ముఖం పాత ఇటుక ముఖంతో సమంగా ఉండాలి, పాత ప్లాస్టరింగ్ ముఖంతో కాదు. ప్లాస్టరింగ్ మట్టానికి దారం కడితే, దాని మీద మళ్ళీ వేసే అర అంగుళం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. లైటు పక్కనుంచి పడితే గోడ మీద దిండు పెట్టినట్టు కనిపిస్తుంది. పాత ఇటుకా కొత్త ఇటుకా కొలతలో తేడా ఉంటే, లోపలి ముఖాన్ని సమం చేసి తేడాని బయటికి వదిలేయండి. బయటి ప్లాస్టరింగ్ మందం దాన్ని మింగేస్తుంది.

నాలుగడుగులకి సుమారు 14 వరసలొస్తాయి. మొదటిరోజు ఏడు, రెండోరోజు మిగతావి. పక్క సందుల్లోకి మాలు తాపీ మొనతో పొడిచి నింపాలి, ఇటుక జరిపి అతికించినట్టు వదిలేస్తే లోపల డొల్ల మిగులుతుంది. మేస్త్రీ తూకం గుండు ఎన్నిసార్లు వేలాడదీస్తున్నాడో చూడండి. నాలుగు వరసలకోసారైనా వేయకపోతే అడగండి, మొహమాటపడొద్దు.

లింటెల్ కిందికి వచ్చాక ఆగాలి. ఆఖరి వరసకీ లింటెల్‌కీ మధ్య ముప్పావు అంగుళం ఖాళీ వదిలి, తడుపుతూ మూడు నాలుగు రోజులు ఆగండి. ఈలోపు కట్టడం తన బరువుకి తాను కాస్త దిగుతుంది. అదే రోజు నింపేస్తే, ఆ దిగుబాటు లింటెల్ కింద అడ్డంగా వెంట్రుకవాసి గీతై తేలుతుంది. నాలుగోరోజున 1:3 పాళ్ళలో, గుప్పిట పడితే ముద్దయ్యేంత పొడిగా మాలు కలిపి, రాతి చిప్పలు దిగేస్తూ చెక్కముక్కతో కొట్టి కొట్టి కూరాలి. లోపలి నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు కూరితే మరీ మంచిది. పలుచటి మాలు తాపీతో రాసి మూసేస్తే పైకి నిండుగా కనిపిస్తుంది, లోపల నాలుగంగుళాలు ఖాళీయే.

ఇటుకపనిని ఏడు రోజులు తడపండి, ఎండాకాలమైతే రోజుకి మూడుసార్లు, బయటివైపు గోనెపట్టాలు కట్టి. ఆ తర్వాత వారం ఊరికే వదిలేయండి. కట్టిన రెండోరోజే ప్లాస్టరింగ్ వేయించుకున్న గోడలే ఏడాది తిరక్కుండా గీతలు తేలుతాయి.

బయటినుంచి చేయి పెట్టలేని చోట

నగరాల్లో కిటికీ మూయాల్సిన అవసరం ఎక్కువగా వచ్చేదే పక్క గోడ అడుగు దూరంలోకి వచ్చినప్పుడు. అక్కడ పరంజా పట్టదు, బయట ప్లాస్టరింగ్ కుదరదు. ఇటుకలు ఊరికే పేర్చేస్తే మొదటి వానకే లోపల చెమ్మ తేలుతుంది.

దీనికి గోడని రెండు పొరలుగా కట్టాలి. ముందు బయటివైపు నాలుగంగుళాల పొర. ప్రతి వరసా పేర్చగానే మేస్త్రీ పైనుంచి చేయి చాచి, బయటి సందుల్లోని మాలుని వేలితోనో చిన్న ఇనప బద్దతోనో నొక్కి సమం చేయాలి. వరస గట్టిపడ్డాక అది అందదు. ఈ పొర లోపలి ముఖానికి, పక్క అంచులమీదికి కూడా మళ్ళేలా, వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపిన 1:3 మాలు అర అంగుళం మందాన పూయాలి. ద్రావణం మామూలుగా 50 కిలోల బస్తాకి 200 మి.లీ., డబ్బా మీద వేరే కొలత ఉంటే అదే వాడండి. దానికి ఆనించి లోపలి నాలుగంగుళాల పొర కట్టాలి. రెండు పొరల్నీ కలపడానికి బయటి పొర సందుల్లో ముందే వదిలిన 6 మి.మీ. కడ్డీ ముక్కలు, నాలుగు వరసలకోసారి, రెండడుగులకొకటి ఉండాలి. పూత వేశాక ఆ కడ్డీల చుట్టూ మళ్ళీ ఒకసారి వేలితో నొక్కండి, నీరు దొంగదారి పట్టేది అక్కడే. పై అంతస్తులో అయితే బయటికి వంగే మేస్త్రీకి సేఫ్టీ బెల్టు తప్పనిసరి.

మెష్, ప్లాస్టరింగ్

మెష్‌ని ఇటుకకి అతికించి బిగించి, పైన మాలు కొడితే దాని వెనక మాలు చేరదు. ఎండాక వేలితో కొడితే డొల్ల మోగుతుంది. ముందు పలుచగా ఒక చేయి మాలు విసిరి గరుకుగా వదిలేసి, అది కాస్త గట్టిపడ్డాక మెష్ పరచాలి. అంచుకి అటు 6 అంగుళాలు, ఇటు 6 అంగుళాలు. 9 అంగుళాలకో ప్లగ్గు, వాషర్‌తో స్క్రూ. మూలల్లో ఒక ముక్క మీదికి ఇంకోటి 4 అంగుళాలు ఎక్కాలి. గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) మెష్ కాకపోతే తుప్పు మరక రంగులోంచి పైకి వస్తుంది.

లోపల 12 మి.మీ. ఒకే చేయి. బయట 20 మి.మీ., రెండు చేతులుగా: మొదటిది 12, గీతలు గీసి వదిలి, మర్నాడు 8. బయటి మాలులో వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలపండి. పాత ప్లాస్టరింగ్ కోసిన అంచుకి సిమెంటు పాలు పూసి, కొత్తదాన్ని అల్యూమినియం బద్దతో పాత ముఖం మీద నుంచి లాగితే మట్టం సరిపోతుంది. ఏడు రోజుల తడుపు ఇక్కడా ఉంది.

రంగు

కొత్త ప్లాస్టరింగ్‌లోని క్షారం, తడి తగ్గడానికి నాలుగు వారాలు ఆగాలి. తొందరపడితే రంగు తెల్లతెల్లగా పొడిబారుతుంది. లోపల కలిసిన అంచు మీద ఫైబర్ టేపు వేసి రెండు చేతుల లప్పం పెట్టించండి. లప్పం కొత్త ముక్కకే పెడితే చాలదు, చుట్టూ రెండడుగులు పాత గోడమీదికి పలుచబడుతూ సాగాలి. రంగు మాత్రం మూల నుంచి మూలకి మొత్తం గోడకి వేయాల్సిందే. పాత డబ్బాలో మిగిలిన అదే రంగు వేసినా ఎండకి వెలిసిన గోడ మీద అది అతుకులాగే కనిపిస్తుంది.

అద్దె ఇల్లైతే

ఇటుక ముట్టుకోకుండా లోపలి నుంచి బోర్డుతో కప్పొచ్చు. రెక్కలు మూసి సందులకి సిలికాన్ పెట్టి, అద్దానికి తెల్లటి ఫిల్మ్ అతికించండి, వీధిలోంచి బోర్డు వెనకభాగం కనపడకుండా. నల్లది వద్దు, ఎండకి అద్దం వేడెక్కి పగలొచ్చు. అద్దానికీ లోపలి బోర్డుకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ వదిలి, జీఐ (జింకు పూత ఉన్న ఇనప) చానళ్ళ ఫ్రేము కట్టి, 8 మి.మీ. సిమెంటు బోర్డు 8 అంగుళాలకో స్క్రూతో బిగించాలి. వాన తగిలే గోడకి జిప్సం బోర్డు పనికిరాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు స్క్రూ రంధ్రాలు పూడిస్తే సరి.

తర్వాత గీత తేలితే

ఇంత చేసినా మొదటి ఎండాకాలం దాటాక ఒక అంచున వెంట్రుకవాసి పగులు రావచ్చు. లప్పం రుద్ది కప్పేస్తే మూడు నెలల్లో మళ్ళీ వస్తుంది. పగులుని గ్రైండర్‌తో వీ ఆకారంలో 5 మి.మీ. లోతున తెరిచి, దుమ్ము ఊది, సాగే గుణమున్న యాక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ నింపి, ఆరాక పైన ఫైబర్ టేపు వేసి లప్పం పెట్టాలి. పగులు బియ్యపుగింజ మందం దాటినా, ఏటవాలుగా లింటెల్ మూల నుంచి పైకి పాకినా అది కిటికీ మూసిన పని తప్పు కాకపోవచ్చు. పునాదో బీమో కదులుతోందేమో ఇంజనీరుతో చూపించాకే పూడ్చండి.